గిటారు శ్రుతి మార్చుకుంది: మా మొదటి ఆల్బమ్ డైరీ

1వ రోజు

ఏడు పాటలు, నలుగురు మనుషులు, అరవై వేల రూపాయలు. బ్యాండుకి పేరు ఇంకా కుదరలేదు. మూడేళ్ల క్రితం ఇలాగే మొదలుపెట్టి సగంలో వదిలేశాం. ఆ పాటల్లో ఏది ఏ ఫోల్డర్‌లో ఉందో ఇప్పుడు నాకే తెలీదు. అందుకే ఈసారి ఏ రోజు ఏం చేశామో, ఏం చెడగొట్టామో రాసి పెట్టుకుంటున్నాను.

గిటారు, రికార్డింగు నావి. బాస్ గిటారు మా తమ్ముడిది, పిన్ని కొడుకు. పాడేది, హార్మోనియం వాయించేది నా ఆఫీసు ఫ్రెండు. డ్రమ్స్ వాయించే కుర్రాడు షిప్‌యార్డు దగ్గర ఉద్యోగం చేస్తాడు, ఆదివారాలే దొరుకుతాడు.

"సైకెడెలిక్ ఫోక్ రాక్" అంటే ఏంట్రా అని అమ్మ అడిగింది. జానపదం మీద రాక్ వాయిద్యాలు ఉంటాయి, గొంతులు ఎక్కడో దూరంగా తేలుతున్నట్టు వినిపిస్తాయి, పాట ఒకచోట మొదలై ఎటో వెళ్లిపోతుంది, పదాలకి పైకి ఒక అర్థం లోపల ఒక అర్థం ఉంటాయి అని చెప్పాను. అంతా విని, "అంటే తత్వాలా?" అంది. మా తాతగారి ఊళ్లో భజన అయిపోయాక అర్ధరాత్రి దాటేదాకా ఏక్‌తార మీద తత్వాలు పాడేవారట. గంటసేపు ఒకటే తీగ మోత, ఒకటే పల్లవి. నా పది నిమిషాల వివరణ కంటే అమ్మ ప్రశ్నే నయం.

3వ రోజు

విశాఖ గోపాలపట్నంలో మేడ మీద గది. గోడలకి పరుపులు నిలబెట్టి, కిటికీకి రెండు బొంతలు వేలాడదీశాం. ఫ్యాను ఆపితే పావుగంటలో అందరం చెమటతో తడిసిపోతున్నాం, వేస్తే అది మైకులో పడుతోంది. నాలుగు నిమిషాల టేకు, ఐదు నిమిషాల గాలి అని ఒప్పందం చేసుకున్నాం.

సామాన్లు: మైకుల్ని ల్యాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక షూర్ ఎస్ఎం57 మైకు, ఒక కండెన్సర్ మైకు, పాత ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. రెండు ఇన్‌పుట్‌లే కాబట్టి ఒకేసారి అందరినీ పట్టుకోలేం. ఈ ఇబ్బందే తర్వాత మా మెడకి చుట్టుకుంది.

రైలు పట్టాలు దగ్గరే. గూడ్సు బండి పోతుంటే శబ్దం కంటే ముందు నేల చెబుతుంది. కింది బరువు శబ్దాల్ని కోసేసే లో-కట్ ఫిల్టర్ పెట్టాను, కొంత తగ్గింది. మిగతాదానికి బండి పోయేదాకా ఆగాల్సిందే.

6వ రోజు

ఈ రోజు రికార్డింగ్ లేదు, వినడమే. సైకెడెలిక్ ఫోక్‌కి పేరుపడ్డ స్కాట్లాండ్ బ్యాండు ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ వాళ్ల మొదటి ఆల్బమ్ పెట్టుకున్నాం. 1966లో ఎలెక్ట్రా కంపెనీ తెచ్చింది. రాబిన్ విలియమ్సన్, మైక్ హెరన్, క్లైవ్ పామర్, ముగ్గురే. నిర్మాత జో బోయ్డ్. లండన్‌లో చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో చేశారు. ఆ స్టూడియో ఉన్న భవనం అంతకుముందు పాల డెయిరీ. పాల డెయిరీలో ఆల్బమ్ వాళ్లది, ప్రాజెక్టు డైరీలో ఆల్బమ్ మాది అని మా తమ్ముడు జోకేశాడు. ఎవరూ నవ్వలేదు. అయినా రాసి పెడుతున్నాను.

గమనించిందేమిటంటే, ఆ ఆల్బమ్‌లో డ్రమ్స్ సెట్టు లేదు, పెద్దగా ఎఫెక్టులూ లేవు. గిటారు, ఫిడేలు, మాండొలిన్, బాంజో, గొంతులు. సితార్ లాంటివి 1967లో రెండో ఆల్బమ్ నుంచి వచ్చాయి. అయినా మొదటిది వింటుంటే నేల కొంచెం కదిలినట్టే ఉంటుంది. గొంతు ఒక స్వరం మీద నిలబడకుండా జారుతూ ఉండటం వల్ల. మా డ్రమ్స్ కుర్రాడు మౌనంగా విని, "అయితే నా సెట్టు అక్కర్లేదా?" అన్నాడు. ఎవరం సమాధానం చెప్పలేదు.

10వ రోజు

రెండు పాటలకి గిటారు, బాస్ పూర్తి. క్లిక్ ట్రాక్, అంటే చెవిలో టకటకమనే తాళం, నిమిషానికి 84 దెబ్బల దగ్గర పెట్టి, రెండు శ్రుతిలో, అంటే డి లో, శుభ్రంగా వాయించాం. గీత గీసినట్టు ఉంది. చాలా సంబరపడ్డాను. తర్వాత ఏమైందో తెలిశాక ఈ వాక్యం కొట్టేయాలనిపించింది, కొట్టేయలేదు.

14వ రోజు

భీమిలి దాటాక ఉన్న ఒక ఊరి నుంచి జముకు వాయించే పెద్దాయన్ని పిలిపించాం. అరవై దాటిన మనిషి. జముకుల కథ చెప్పే జట్టులో నలభై ఏళ్లు తిరిగారు. మేమందరం గురువుగారూ అంటున్నాం. ఆయనకి మేమంతా బాబులం, మా గాయని మాత్రం తల్లి.

చూడని వాళ్ల కోసం: జముకు అంటే చిన్న డబ్బాలాంటి వాయిద్యం. ఒకవైపు తోలు మూత. ఆ తోలు మధ్యలో కన్నం చేసి నరం దూర్చి, డబ్బా లోపలినుంచి తెరిచిన వైపుకి లాగి, దాని కొసని ఒక చెక్కముక్కకి కడతారు. డబ్బాని చంకలో ఇరికించి, ఆ చెయ్యితోనే చెక్కముక్క పట్టుకుని నరాన్ని లాగుతూ వదులుతూ ఉంటే, రెండో చేత్తో నరాన్ని మీటుతారు. బిగిస్తే స్వరం పైకి, వదిలితే కిందికి. మీటిన స్వరం ఎక్కడా ఆగదు. "గుంయ్" అని మొదలై పైకి పాకి, మళ్లీ కిందికి కూలబడుతుంది. ఇలాంటి శబ్దం కోసమే నేను ఎనిమిది వేలు పోసి ఒక గిటారు ఎఫెక్టు పెడల్ కొన్నాను. పెద్దాయన చంక కింద అంతకంటే మంచిది ఉంది.

మైకు పెట్టడానికే గంట పట్టింది. తోలు వైపు పెడితే దెబ్బ వినిపిస్తోంది, నరం వినిపించట్లేదు. తెరిచిన వైపు పెడితే నరం బాగుంది, కడుపులో బరువు లేదు. రెండు వైపులా చెరొకటి పెట్టాను. కలిపి వింటే ఇంకా పీలగా అయిపోయింది! తోలు ఒకవైపు మైకు మీదికి వస్తుంటే రెండో మైకు నుంచి దూరంగా పోతుంది కదా, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఒక ట్రాక్‌లో శబ్ద తరంగాన్ని తలకిందులు చేసే పోలారిటీ బటన్ నొక్కగానే గది నిండిపోయింది. ఆ ఒక్క బటన్ కోసం గంట.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, మేం రికార్డు చేసిన గిటారు, దానితోపాటు క్లిక్కు వినిపించాం. ముఖం చిట్లించారు.

"ఏటి బాబూ ఈ టకటక?"

"తాళం గురువుగారూ. దాని మీద పాడితే సరిగ్గా కూర్చుంటుంది."

"సెవిలో గెడియారం ఎట్టుకోని కత ఎలాగ సెప్తారు?"

క్లిక్ తీసేశాం. ఆయన ఎత్తుకున్నారు. గొంతు మా గిటారుకి పైన తేలుతోంది, కానీ అరస్వరం పైన కాదు. ట్యూనర్ పెట్టి చూస్తే రెండుకీ రెండున్నరకీ మధ్యన ఉంది, డి కంటే దాదాపు 40 సెంట్లు ఎక్కువ. అరస్వరం దూరాన్ని వంద సెంట్లుగా లెక్కిస్తే, అందులో నలభై. కొంచెం కిందికి దిగమని అడిగాం. దిగారు, ఒక చరణం పాడాక తెలీకుండానే మళ్లీ తన చోటికి వెళ్లిపోయారు. నాలుగు సార్లు అదే జరిగింది. నాలుగు సార్లూ సరిగ్గా అదే 40.

తప్పు పాడే మనిషి నాలుగు సార్లూ ఒకే చోట తప్పు పాడడు. ఆ మాట మా గాయని అంది. నాకు కోపం వచ్చింది, ఎందుకంటే రెండు పాటల గిటారు పోతుంది.

15వ రోజు

రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్న దారులు రెండు. ఆయన గొంతుని సాఫ్ట్‌వేర్‌లో 40 సెంట్లు కిందికి లాగడం. లేదా మా గిటార్లన్నీ 40 పైకి బిగించి, రెండు పాటలూ మళ్లీ వాయించడం.

మొదటిది ప్రయత్నించాను. దొంగచాటుగా, ఎవరికీ చెప్పకుండా. గొంతు దిగింది కానీ దానితోపాటు జముకు జారుడు అంతా చదును అయిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌కి ఏది స్వరమో ఏది జారుడో తెలియడం లేదు, అన్నిటినీ పట్టి సర్దేస్తోంది. ఇస్త్రీ చేసిన లుంగీలా ఉంది.

రెండు పాటలూ డిలీట్. కీబోర్డులో మాస్టర్ ట్యూనింగ్‌ని 440 హెర్ట్జ్ నుంచి 450కి పెంచాం. 40 సెంట్లంటే తీగ కంపించే వేగంలో సుమారు 2.3 శాతం, 440కి దాన్ని కలిపితే 450 చిల్లర. గిటారు, బాస్ దాని ప్రకారం బిగించాం. హార్మోనియం మాత్రం ఏం చేసినా కదలదు, దాని రీడ్లు దానివి. ఈ రెండు పాటల్లో హార్మోనియం లేదని మా గాయనికి చెప్పాను. "మంచిదే, మొయ్యక్కర్లేదు" అంది.

ఇకనుంచి పద్ధతి ఇది: ముందు ఆయన ఒక్కరే కథలాగా మొత్తం పాడతారు. దాని మీద మేం వాయిస్తాం. ఆయన మా మీద వాయించడం కాదు.

19వ రోజు

వాన. మూడు రోజులుగా గోడలు కూడా చెమటపడుతున్నాయి.

"తోలు సల్లబడిపోనాది బాబూ" అన్నారు గురువుగారు. మీటితే "గుంయ్" బదులు తడిగుడ్డ దులిపినట్టు వస్తోంది. ఈలోగా మా డ్రమ్స్ కుర్రాడు డ్రమ్స్ సెట్టు ఇంట్లో వదిలేసి వాళ్ల మావయ్య దగ్గర్నుంచి డప్పు తెచ్చాడు. ఎవరూ అడగలేదు, తనే తెచ్చాడు. అదీ చల్లబడిపోయింది.

మేడ మీద షెడ్డు కింద తాటాకులు కాల్చాం. మంటకి జానెడు దూరంలో డప్పు పట్టుకుని తిప్పుతూ ఉండాలి, ఒకచోట ఆపితే తోలు మాడుతుంది. మధ్యమధ్యలో వేలితో కొట్టి వినాలి. ముందు "దబ్", కాసేపటికి "డబ్", చివరికి "టణ్" మని గట్టిగా పలికింది. ఆ టణ్ పది నిమిషాలే ఉంటుంది. కిందికి పరిగెత్తి టేకు తీసుకోవాలి. మూడు టేకులకి మూడు సార్లు ఎక్కి దిగాం. మూడోసారి కింది ఫ్లోర్ అంకుల్ బకెట్‌తో నీళ్లు తీసుకుని పైకి వచ్చేశారు, మేడ అంటుకుందనుకుని.

గురువుగారి జముకుని మాత్రం ఆయన మంట దగ్గర పెట్టనివ్వలేదు. చొక్కా లోపల పొట్టకి ఆనించి పావుగంట కూర్చున్నారు. ఒంటి వేడి చాలట. చాలింది కూడా.

23వ రోజు

టేపు ఎకో. సాఫ్ట్‌వేర్‌లో వంద రకాలు ఉన్నాయి, అయినా నాకు అసలుది కావాలి. పాత సామాన్ల షాపులో రీల్ టేప్ రికార్డర్ ఏడు వేలకి కొన్నాను. "కండిషన్‌లో ఉంది సార్" అన్నాడు. ఇంటికొచ్చి మూత తీస్తే లోపలి బెల్టు కరిగి నల్ల తారులా చక్రాలకి అంటుకుపోయి ఉంది. ఇయర్‌బడ్స్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు సాయంత్రాలు గీకాను. గోళ్లలో ఆ నలుపు ఇంకా ఉంది.

పనిచేసే విధానం ఇది. టేపు ముందు రికార్డు హెడ్ మీదుగా, తర్వాత ప్లే హెడ్ మీదుగా పోతుంది. ఈ మిషన్‌లో రెంటికీ మధ్య స్కేలు పెట్టి కొలిస్తే 4 సెంటీమీటర్లు. టేపు సెకనుకి 19 సెంటీమీటర్లు నడిస్తే, పాడిన మాట 0.21 సెకన్ల తర్వాత మళ్లీ వినిపిస్తుంది. వేగం సగానికి తగ్గిస్తే 0.42. ఆ వచ్చినదాన్ని కొంచెం మళ్లీ లోపలికి పంపిస్తే మాట వెనక మాట, ప్రతిసారీ కొంచెం మసకబారుతూ వస్తుంది.

0.42 మన చేతిలో లేదు, ఇనుముతో బిగించి ఉంది. అందుకే తాళానికి పడదేమో అని టెన్షన్. కానీ గురువుగారి కథలో వేగం మారుతూ ఉంటుంది కదా, నేను కూర్చుని కొలిచాను. ఎత్తుకునేటప్పుడు 84. ఆరో నిమిషం దగ్గర, కథలో యుద్ధం వచ్చేసరికి 95. 95లో ఒక దెబ్బ 0.63 సెకన్లు. దానిలో మూడింట రెండు వంతులు 0.42! మొదట్లో ఎకో తాళానికి అడ్డంగా తొక్కుకుంటూ వెళ్లి, కథ వేడెక్కేసరికి తనంతట తనే తిస్రంలో, అంటే దెబ్బని మూడుగా విడగొట్టే లెక్కలో, కూర్చుంటోంది. అక్కడ నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. క్లిక్ ట్రాక్ ఉండి ఉంటే ఇది జరిగేది కాదు.

27వ రోజు

రాత్రి ఒంటిగంట. మెట్లదారి అడుగున స్పీకర్, మూడో అంతస్తులో మైకు. గాయని గొంతుని స్పీకర్‌లో వదిలి, మెట్లన్నీ తిరిగి పైకి వచ్చిన గొంతుని పట్టుకున్నాం. సిమెంటు గోడలు, ఇనుప రెయిలింగు. ఏ ప్లగిన్‌కీ ఆ ఇనుము వాసన రాదు. రెండో టేకులో రెండో ఫ్లోర్ ఆంటీ తలుపు తీసి, "ఎవరికైనా బాగోలేదా బాబూ?" అని అడిగారు. ఆ మాట కూడా రికార్డు అయింది. ఉంచేద్దామని మిగతావాళ్లు, వద్దని నేను. ఆవిడని అడిగాకే అని చివరికి తేలింది. పొద్దున్న అడిగితే నవ్వి సరేనన్నారు.

30వ రోజు

తిరగేసిన ఎకో. గొంతు ట్రాక్‌ని వెనక్కి తిప్పి, దానికి ఎకో వేసి, ఆ ఎకోని విడిగా రికార్డు చేసి, మళ్లీ ముందుకి తిప్పాలి. అప్పుడు మాట కంటే ముందు మాట తాలూకు నీడ వస్తుంది. అరవైలలో టేపు రీళ్లు తలకిందులు చేసి చేసేవారు, నాకు రెండు క్లిక్కులు.

మొదట ఏడు పాటల్లోనూ వేసేశాను. కొత్త వంటలో ఇంగువ ఎక్కువైనట్టు అన్నీ అదే వాసన. ఆరింట్లో తీసేసి, చివరి పాటలో ఒక్కచోట ఉంచాను.

34వ రోజు

ముఖచిత్రం. ఏటికొప్పాక లక్క బొంగరాలు నాలుగు తెచ్చాం. అంకుడు కర్ర మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు. నల్లగుడ్డ మీద తిప్పి, షటర్ పావు సెకను పెట్టి పైనుంచి తీశాం. ఆగి ఉన్నప్పుడు విడివిడిగా ఉన్న గీతలు తిరిగేటప్పుడు ఒకదానిలో ఒకటి కరిగిన వలయాలైపోయాయి. డిజైనర్‌కి పెట్టిన ఆరు వేలు మిగిలాయి. వాటితో గురువుగారికి ఇంకో రెండు రోజుల సంభావన.

41వ రోజు

మిక్సింగ్ గురించి రాయడానికి ఏం లేదు. కళ్లు మండుతున్నాయి. మొత్తం 39 నిమిషాలు వచ్చింది. ఎల్‌పీ రికార్డు వేసే స్తోమత లేకపోయినా రెండు వైపులుగానే పేర్చాను, వైపుకి ఇరవై నిమిషాలు దాటకుండా. జముకు పాటలు రెండూ రెండు వైపుల చివర్లో ఉన్నాయి. లౌడ్‌నెస్‌ని, అంటే పాటల మొత్తం గట్టిదనాన్ని, ఒక మోస్తరు దగ్గర ఆపాను. అంతకంటే బిగిస్తే స్ట్రీమింగ్ వాళ్లు ఎలాగూ తగ్గిస్తారు, మధ్యలో నలిగేది డప్పు.

పేర్ల దగ్గర చిన్న వాదన జరిగింది. గురువుగారిని "అతిథి కళాకారుడు" అని వేద్దామని మా తమ్ముడు. నేను ఒప్పుకోలేదు. ఆ రెండు పాటల వరస ఆయనది, నడక ఆయనది, చివరికి శ్రుతి కూడా ఆయనదే. స్వరకర్తల్లో ఆయన పేరు ముందు, మాది తర్వాత. 2012లో కాపీరైట్ చట్టానికి సవరణ వచ్చాక పాట రాసినవాళ్లకి, వరస కట్టినవాళ్లకి రాయల్టీ వాటా వదులుకోకుండా రక్షణ ఉంది. కానీ కాగితం మీద పేరు లేనివాళ్లకి ఆ రక్షణతో పనేముంది? రాయల్టీలు వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ సంస్థ సభ్యత్వం ఫారం ఆయన చేత నింపించాను. బ్యాంకు పాసుబుక్కు కోసం మూడు ట్రంకు పెట్టెలు వెతికారు.

45వ రోజు

అప్‌లోడ్ చేసే ముందు ఆయనకి వినిపించాలని ఊరికి వెళ్లాం. అరుగు మీద బ్లూటూత్ స్పీకర్ పెట్టాం. ఆయన, వాళ్లావిడ, ఇద్దరు మనవలు, ఒక మేక. ముఖచిత్రం ఫోన్లో చూసి పిల్లలు ఆ బొంగరాలు ఏవని అడిగారు. అవి తేనందుకు తిట్టుకున్నాం.

మొదటి వైపు చివరి పాట వచ్చింది. ఎకో తిస్రంలో పడే చోట ఆయన తొడ మీద వేళ్లు ఆ లెక్కలోకి మారాయి. నేను అదే చూస్తున్నాను. పాట అయ్యాక కాసేపు ఏమీ అనలేదు.

"జముకు బాగున్నాది. తల్లి గొంతు బాగున్నాది. ఆ గిటారే కూసింత ఎక్కువైనాది బాబూ."

నా గిటారు. తమ్ముడు అటు తిరిగి నవ్వుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆ రెండు పాటల్లో గిటారు 2 డెసిబెల్స్ తగ్గించి మళ్లీ విన్నాను. నిజమే, నరం కింది బరువు ఇప్పుడు వినిపిస్తోంది. ఇంకో ఒకటి తగ్గించాను. రాత్రి 11:40కి కొత్త ఫైళ్లు ఎక్కడం మొదలైంది. పాటల పేర్లు, స్వరకర్తలు, ముఖచిత్రం అన్నీ నింపేశాను. బ్యాండు పేరు గడి ఖాళీగా ఉంటే ముందుకి పోనివ్వడం లేదు. గ్రూపులో మెసేజ్ పెట్టాను, ముగ్గురూ నిద్రపోయినట్టున్నారు.